ఏ అప్లికేషన్‌లోనూ పట్టని అనుభవం

‘కంపెనీ’ అనగానే మీకు ఆఫర్ లెటరు, ప్యాకేజీ గుర్తొస్తాయి. యూజీన్ స్లెడ్జ్ చేరిన కంపెనీ వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్స్ 5వ రెజిమెంట్‌లోని కె కంపెనీ అది. అంటే 235 మంది పదాతి సైనికుల దళం. ‘ద పసిఫిక్’ సిరీస్ చూసినవాళ్లకు స్లెడ్జ్ పేరు తెలిసే ఉంటుంది.

అతను 1923లో అలబామా రాష్ట్రంలో ఒక డాక్టరు గారింట పుట్టాడు. 1942 డిసెంబరులో మెరైన్స్‌లో చేరాడు. ఆఫీసర్ ట్రైనింగ్ కోసం జార్జియా టెక్ కాలేజీకి పంపారు. కోర్సు అయ్యేలోపు యుద్ధం ముగిసిపోతుందేమోనన్న తొందరలో కావాలనే ఫెయిలయ్యాడు. అలా మామూలు సిపాయిగా మోర్టార్ పేల్చే పనిలో పడ్డాడు.

1944 సెప్టెంబరు 15న కె కంపెనీ పసిఫిక్ సముద్రంలోని పెలెలియు దీవిలో దిగింది. సుమారు 13 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి. నాలుగు రోజుల పని అనుకున్నారు, రెండు నెలలు దాటింది. జపాన్ సైనికులు కొండ గుహల్లో దాక్కుని కాల్చేవాళ్లు. నేలంతా పగడపు రాయి, దాక్కోడానికి గొయ్యి తవ్వుదామన్నా పార దిగదు. ఎండ 40 డిగ్రీలు దాటేది. సరిగా కడగని ఆయిల్ డ్రమ్ముల్లో వచ్చిన నీళ్లే తాగాలి. దళమంతా నమ్ముకున్న కెప్టెన్ ఆండ్రూ హాల్డేన్ అక్టోబరు 12న చనిపోయాడు. చివరికి దెబ్బ తగలకుండా మిగిలింది 85 మంది.

అక్కడ మనుషులు ఎలా మారిపోతారో చూడండి. డాక్టరు గారబ్బాయి స్లెడ్జ్ కూడా ఒకరోజు చనిపోయిన జపాన్ సైనికుడి బంగారు పళ్లు పీకబోయాడు. దళంలోని వైద్య సహాయకుడు క్రిములు అంటుకుంటాయని చెప్పి ఆపాడు. అతని భయం క్రిముల గురించి కాదని, తనలోని మనిషి గురించని స్లెడ్జ్‌కి తర్వాత అర్థమైంది.

1945 ఏప్రిల్ 1న ఒకినావా. వాన, బురద, పూడ్చే వీలులేని శవాలు. మధ్యలో కొత్తవాళ్లు వచ్చి చేరుతూనే ఉన్నారు. మొత్తం 485 మంది ఆ కంపెనీలో పోరాడితే, మొదటి రోజు దిగినవాళ్లలో ఆఖరికి మిగిలింది 26 మందే. డైరీ రాయడం నిషిద్ధం. అందుకే స్లెడ్జ్ జేబులో ఉన్న చిన్న బైబిల్‌లోనే గుట్టుగా నోట్స్ రాసుకునేవాడు.

1946లో ఇంటికొచ్చి, ఆబర్న్‌లోని కాలేజీకి అడ్మిషన్ కోసం వెళ్లాడు. సైన్యంలో ఏ కోర్సు చేశావని కౌంటర్‌లో ఉన్న ఆమె అడిగింది. రేడియోనా, ఇంజిన్లా? చంపడం, చావకుండా ఉండడం నేర్పారని చెప్పాల్సి వచ్చింది. దానికి క్రెడిట్లు లేవు.

బిజినెస్ డిగ్రీ చేశాడు, కొన్నేళ్లు ఉద్యోగాలు చేశాడు, మనసు నిలవలేదు. రాత్రిళ్లు పీడకలలు వదల్లేదు. చిన్నప్పటి నుంచి ఇష్టమైన వేట కూడా మానేశాడు. ఒక పావురాన్ని చంపి తట్టుకోలేకపోయాడు. మళ్లీ చదువుకు వెళ్లి వృక్షశాస్త్రంలో ఎమ్మెస్, 1960లో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. 1962లో మోంటెవాలోలో బయాలజీ టీచింగ్‌లో చేరి 1990 దాకా పాఠాలు చెప్పాడు. అంటే సరైన ఉద్యోగం దొరికేసరికి వయసు 38.

భార్య ప్రోత్సాహంతో ఆ పాత నోట్స్‌ని పుస్తకం చేశాడు. ‘విత్ ద ఓల్డ్ బ్రీడ్’ 1981లో వచ్చింది. బంగారు పళ్ల సంగతి కూడా దాచకుండా రాశాడు. ఈరోజు పసిఫిక్ యుద్ధం గురించి చదివేవాళ్లు తప్పక తెరిచే పుస్తకం అది. స్లెడ్జ్ 2001లో కన్నుమూశాడు.

యుద్ధం నుంచి మోటివేషన్ తీసుకోమని నేను చెప్పను. స్లెడ్జ్ కూడా దాన్ని వృథా అనే అన్నాడు. మీకు చెప్పేది చిన్న మాట. ఇంట్లో జబ్బు మనిషిని చూసుకుంటూ పోయిన రెండేళ్లో, మధ్యలో వదిలేసిన కోర్సో, అప్లికేషన్‌లో రాయడానికి గడి ఉండకపోవచ్చు. అయినా జరిగింది జరిగినట్టు, మీ తప్పులతో సహా, ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఎప్పుడు అక్కరకొస్తుందో ఇప్పుడే తెలియదు. స్లెడ్జ్ నోట్స్‌కి ముప్పై ఆరేళ్లు పట్టింది.