ఆవిరి వెలుగును జదివిన ఆచార్యుడు

బళ్లారికి సమీపమున కప్పగల్లు కొండపై నల్లఱాళ్లు కొన్ని కలవు. వానిని మఱియొక ఱాతితో గొట్టినచో గంటవలె మ్రోగును. దెబ్బ మనది, నాదము ఱాతిది. వెలుగు తాకిడికి అణువులును ఇట్లే తమ సొంత వెలుగును వెలువరించును. అట్టి వెలుగులను జదువుటకే జీవితము నర్పించిన యాంధ్రుడు ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావుగారు.

వీరు 1898 సెప్టెంబరు 9వ తేదీన బరంపురమున జన్మించిరి. కప్పగల్లువలెనే యదియు రెండు భాషల పొలిమేర. విజయనగర మహారాజా కళాశాలలో ఎ. ఎల్. నారాయణ్‌గారితో గూడి, బిస్మతు లోహమును అత్యుష్ణమున నావిరిగావించి, దాని ప్రతిదీప్తిని బరిశోధించిరి. పిమ్మట లండనులో ఆల్‌ఫ్రెడ్ ఫౌలరుగారియొద్ద బనిచేసి, అచ్చటి విశ్వవిద్యాలయపు డి.ఎస్‌సి. పట్టమును బడసిరి.

ఆవిరినే యేల పరీక్షింపవలెను? ద్రవమునందు అణువు లొండొంటిని నొత్తుచుండును. అది సంత నడుమ సాక్ష్యము వినుటవంటిది. పలుచని యావిరిలో అణువు ఏకాంతమున నుండును. అతినీలలోహిత కిరణములు సోకిన బెంజీను ఆవిరి, సెకనులో సుమారు కోటవవంతు కాలములో వెలుగును మరల విడుచును. ఇది ప్రతిదీప్తి. బయాసెటైలు ఆవిరి యొసగు పచ్చని వెలుగు సెకనులో వేయవవంతునకు మించి నిలుచును. ఇది స్ఫురదీప్తి. రవంత ప్రాణవాయువు చేరినను ఆ వెలుగు ఆఱిపోవును. ఇట్టి వెలుగును రంగులుగా విడదీసినచో, అణువు తన నిర్మాణమును దానే చెప్పును. ఈ సాక్షిచే మాట మార్పించుట మావంటి న్యాయవాదులకును శక్యము కాదు.

1926లో నేర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నాటికింకను బాల్యావస్థలో నుండెను. రంగధామరావుగారు వాల్తేరు చేరి, వర్ణపట పరిశోధనశాలను బెంపొందించి, శిష్యులను దీర్చిదిద్దిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పరిషత్తు గుంటూరునకు దరలవలసివచ్చినను ఆ విద్య నశింపలేదు. పిదప రేడియో తరంగములతో బదార్థమును శోధించు నూతన మార్గమునకును వారు ద్వారము దెఱచిరి. 1972 జూను 20వ తేదీన కీర్తిశేషులైరి. 1979లో జాతీయ విజ్ఞాన పరిషత్తున వారి పేర స్మారకోపన్యాసము నెలకొల్పబడెను.

రామనుగారి పేరెఱుగని చదువరి లేడు. రంగధామరావుగారి పేరు మన యిండ్లలో నెందఱెఱుగుదురు? పిల్లవాడు పరిశోధన యనగానే జీతమెంతయని యడుగువారము మనమే. ఈ తప్పిదమున మేమును భాగస్థులమే. లండనులో నేర్చిన విద్యను పరికరములు చాలని వాల్తేరునకు దెచ్చి నాటిన యాయన జీవితమును మన బిడ్డలకు జెప్పుటతో నైనను ఆ తప్పును దిద్దుకొన నారంభింపవలెను.