జెట్ యంత్ర నిర్మాత – ఫ్రాంక్ విటిల్

ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో 1907 జూన్ 1వ తేదీన ఫ్రాంక్ విటిల్ జన్మించాడు. తండ్రి కర్మాగారంలో చేతిసాయం చేస్తూ పెరిగిన ఆ బాలునికి యంత్రాలతో చెలిమి సహజంగానే అబ్బింది. వైమానిక దళంలో శిక్షణకు వెళ్ళగా ఐదడుగుల పొట్టివాడని తిరస్కరించారు. పట్టు విడువక వ్యాయామంతో దేహాన్ని పెంచి, మళ్ళీ ప్రయత్నించి 1923లో ప్రవేశం సంపాదించాడు. తరువాత క్రాన్‌వెల్ వైమానిక కళాశాలలో విమాన చోదకుడయ్యాడు.

ఆనాటి విమానాలు పిస్టన్ ఇంజను తిప్పే ప్రొపెల్లరుతో ఎగిరేవి. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజను నీరసించేది. ప్రతిఘటన తక్కువ గనుక వేగానికి అనువైనది మాత్రం ఆ పలచని గాలియే. ఈ చిక్కుముడిని విప్పే ఉపాయం 1929లో విటిల్‌కు తట్టింది. ముందునుండి పీల్చిన గాలిని కంప్రెసర్ అదుముతుంది. దహన గదిలో ఇంధనంతో కలిసి మండిన ఆ గాలి టర్బైనును తిప్పుతూ వెనుకకు దూసుకుపోతుంది. టర్బైను కంప్రెసర్‌ను తిప్పుతుంది. వెలువడే వాయుధార విమానాన్ని ముందుకు తోస్తుంది. న్యూటన్ మూడవ గమన నియమమే దీనికి ఆధారం.

బ్రిటిష్ వైమానిక మంత్రిత్వశాఖ ఈ ఆలోచనను ఆచరణసాధ్యం కాదని తోసిపుచ్చింది. 1930 జనవరిలో విటిల్ పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1935లో దానిని కొనసాగించడానికి ఐదు పౌండ్ల రుసుము కట్టవలసి వచ్చింది. అప్పటికి ఆయన కేంబ్రిడ్జిలో విద్యార్థి, ఇద్దరు బిడ్డల తండ్రి. ఆ సొమ్ము చెల్లించడానికి ప్రభుత్వం నిరాకరించింది. పేటెంటు చేజారింది. ఒక రాజ్యానికి ఐదు పౌండ్లు ఏపాటి!

మిత్రుల తోడ్పాటుతో 1936లో పవర్ జెట్స్ సంస్థ వెలసింది. 1937 ఏప్రిల్ 12న రగ్బీ పట్టణంలో తొలి ఇంజను తిరిగింది. తిరగడమేమిటి, అదుపు తప్పి అరిచింది! ఇంధనం కవాటాన్ని మూసినా వేగం పెరుగుతూనే ఉంది. చుట్టూ ఉన్నవారు పరుగు తీశారు. విటిల్ మాత్రం అక్కడే నిలిచిపోయాడు. లోపల మడుగు కట్టిన ఇంధనం మండుతున్నదని తరువాత తేలింది.

జెట్ ఇంజను శక్తిని అశ్వసామర్థ్యంలో కాక, అది తోసే బలంలో చెబుతారు. కదిలే వేదికపై ఇంజనును బిగించి, అది ఎంత బలంతో ముందుకు నెడుతున్నదో కొలుస్తారు. ఆ బలాన్ని విమాన వేగంతో గుణిస్తేనే సామర్థ్యం తెలుస్తుంది. నేలపై నిలిచి ఎంత గర్జించినా విమానాన్ని నడిపే సామర్థ్యం సున్నయే. విటిల్ ఇంజను బలం సుమారు 3,800 న్యూటన్లు. గంటకు 540 కిలోమీటర్ల వేగంలోనూ అంతే బలం నిలిచిందనుకుంటే, సామర్థ్యం 570 కిలోవాట్లు, అనగా దాదాపు 760 అశ్వసామర్థ్యం.

1941 మే 15న ఆ ఇంజనుతో గ్లాస్టర్ విమానం క్రాన్‌వెల్‌లో 17 నిమిషాలు ఎగిరింది. అయితే జర్మనీలో హన్స్ ఫాన్ ఓహైన్ ఇంజనుతో జెట్ విమానం 1939 ఆగస్టులోనే ఎగిరింది.

అవిశ్రాంత శ్రమతో విటిల్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1944లో ఆయన సంస్థను ప్రభుత్వమే స్వాధీనం చేసుకుంది. 1948లో లక్ష పౌండ్ల పారితోషికం, సర్ బిరుదం లభించాయి. 1976లో అమెరికా చేరిన విటిల్ 1996 ఆగస్టులో అక్కడే కన్నుమూశాడు. ఆయన చితాభస్మాన్ని క్రాన్‌వెల్‌కు తెచ్చి, అక్కడి చర్చిలో ఉంచారు.