లీవు వెట్టి మౌనంల గూసున్న లెక్కల సారు

హైటెక్ సిటీల పనిజేసే మా ఊరి పిలగాడొకడు మొన్న రాత్రి ఫోన్ జేసిండు. పది దినాలు మాట్లాడకుంట, సెల్లు ముట్టకుంట ధ్యానంల గూసుందామని ఉన్నదట. లీవు అడుగుతే మేనేజర్ ఏమంటడో అని భయమట. వానికి ఊ బా ఖిన్ కథ జెప్పిన. మీకూ జెప్త.

ఊ బా ఖిన్ 1899 మార్చి 6న బర్మా దేశం రంగూన్‌ల, కూలినాలి జనం బతికే పేటల పుట్టిండు. బడికి పైసలు లేకుంటే బట్టల మిల్లుల ఉన్న ఒక ముస్లిం పెద్దమనిషి సాయం జేసిండు. 1917ల బంగారు పతకం గొట్టిండు, కాలేజీకి స్కాలర్‌షిప్ గూడ వచ్చింది. గని ఇల్లు గడవాలె గదా, చదువు బంద్ వెట్టిండు. మొదలు ఒక పత్రికల జేరిండు, అటెన్క అకౌంటెంట్ జనరల్ ఆఫీసుల గుమస్తా అయిండు. గప్పుడు ఆ కుర్చీలల్ల ఇంగ్లీషోళ్లు, ఇండియావోళ్లే ఎక్కువ, బర్మావోళ్లు తక్కువ. గదే ఊరి రేవుల మన తెలుగు కూలీలు మూటలు మోసిండ్రు. 1930ల వాళ్లకూ బర్మా కూలీలకూ నెత్తుటి కొట్లాటైంది. ఆ ముచ్చట ఇంకోపారి రాస్త.

1937 జనవరిల ఒక దోస్తు ఆయనకు ఊపిరిని గమనించుడు నేర్పిండు. వారం తిరిగేసరికి ఈయన పది దినాల లీవు వెట్టి, పడవల నది దాటి, వరి మళ్ల నడుమ బురదల వడి ప్యాబ్వేజీ అనే పల్లెకు వోయిండు. అక్కడి గురువు సయా తెట్జీ సన్నాసి గాదు, ఎవుసం జేసిన మనిషి. ధ్యానమంటే ఏసీ హాలు, నెలనెల యాప్ చందా అనుకునేటోళ్లు ఈ ముచ్చట రెండుసార్లు సదవాలె. ఆఫీసరు రైతు కాడికి వోయి నేర్సుకున్నడు.

ఆ పది దినాలు ఎట్లుంటయో నాకు గూడ ఎరుకే. వనస్థలిపురం దాటినంక నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త ఉన్నది, నేను ఆడ గూసున్న. పొద్దుగాల 4 గంటలకు గంట గొడ్తరు. ఫోన్, పుస్తకం, పెన్ను అన్ని అప్పజెప్పాలె. మాట లేదు, సైగ గూడ లేదు. మూడు దినాలు ముక్కు కాడి ఊపిరే. నాలుగోనాటి సంది ఒంట్ల నొప్పి, దురద, తిమ్మిరి ఏదొచ్చినా ఉలుకకుంట సూసుడు. నాకు మోకాళ్ల కంటె నోరే ఎక్కువ నొచ్చింది. ఇరవై ఏండ్లు మైకు వట్టిన నోరాయె! ఫీజు లేదు, అయినంక మనసుకు దోస్తే ఇచ్చుడే.

రంగూన్‌కు తిరిగొచ్చిన ఊ బా ఖిన్ నౌకరి ఇడువలే. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన్నాడే అకౌంటెంట్ జనరల్ అయిండు. 1950ల తన ఆఫీసులనే విపశ్యన సంఘం వెట్టి కింది ఉద్యోగులకు గూడ నేర్పిండు. 1952ల ఊర్ల ధ్యాన కేంద్రం లేపిండు.

1956ల సర్కారు వ్యవసాయ మార్కెటింగ్ బోర్డు ఆయన చేతులవెట్టింది. లంచాలల్ల మునిగిన బోర్డు. తరుగు పేరు మీద వడ్లు కోసేది సూసిన మనకు అసొంటి జాగ ఎట్లుంటదో జెప్పనక్కరలే. ఈయన వస్తుండని అక్కడి ఆఫీసర్లు సమ్మె జేసిండ్రు. ఈయన వంగలే, ఆఖరుకు వాళ్లే వాపసొచ్చిండ్రు. సమ్మె అంటే నాకు పానం, గని ఈ ఒక్క సమ్మె ఓడినందుకు నాకు బాధ లేదు. మౌనంల గూసున్నోడు మెత్తగైతడని, చెప్పినట్టు ఇంటడని అనుకునే కంపెనీలున్నయి. పొద్దుగాల అరగంట కండ్లు మూయించి, అటెన్క పన్నెండు గంటలు పని పిండుకుంటరు. ఈయన లెక్క గట్ల లేదు.

1955ల తలనొప్పితోటి ఆయన కాడికి వచ్చిన వ్యాపారి గోయెంకా, 1969ల ఈ విద్యను ఇండియాకు దెచ్చిండు. 1971 జనవరిల ఊ బా ఖిన్ రంగూన్‌లనే కన్నుమూసిండు. ధమ్మఖేత్త 1976ల మొదలైంది.

పిలగాడు లీవు అర్జీ వెట్టిండట. వాడు పనిజేసే టవర్ కింద రాత్రి కావలి గాసేది వాని మేనమామనే. ఆయన గూడ వస్తనంటుండు. గని పది దినాలు రాకుంటే పది దినాల జీతం కట్, ఆయన గేటు కాడ ఇంకొకరు నిలవడ్తరు.