కవిసమ్రాట్ విశ్వనాథ: మెచ్చుట వేరు, ఒప్పుట వేరు

ఒక గ్రంథాన్ని చదివి ఆనందించడం వేరు. ఆ గ్రంథకర్త సిద్ధాంతాన్ని శిరసావహించడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించినందువల్ల పాఠకలోకానికి రెండు విధాల నష్టం కలుగుతున్నది. కొందరు తమకు నచ్చిన కథలోని అభిప్రాయాలన్నిటినీ విచారణ లేకుండా స్వీకరిస్తారు. మరికొందరు అభిప్రాయం నచ్చలేదన్న కారణంతో ఆ పుస్తకాన్నే చేతపట్టరు. తెలుగు సాహిత్యంలో ఈ చిక్కు అందరికంటె అధికంగా ఎదురయ్యేది విశ్వనాథ సత్యనారాయణగారి వద్ద. అందుచేతనే ఆయన జీవితాన్ని, ఆయన మహానవల 'వేయిపడగలు'ను ఈ వ్యాసానికి విషయంగా స్వీకరించాము.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల వారమైన మనకు సంస్థానం అనేది కేవలం పుస్తకాలలోని మాట కాదు. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో కాలక్రమాన కళాశాల వెలసింది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ విద్యాలయం వెలసింది. నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం నుండి జటప్రోలు సంస్థానాధీశులు పాలించారు. పండితులను ఆదరించినందువల్ల గద్వాలకు విద్వద్గద్వాల అనే ప్రశస్తి కలిగింది. శతావధానులైన తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాలకు వచ్చి సత్కారాలు పొందారు. ఆ జంటలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారే మచిలీపట్నంలో విశ్వనాథవారికి గురువులు. ఈ విధంగా గురువుగారి ద్వారా విశ్వనాథవారికి, మన ప్రాంతానికి ఒక దూరపు బంధుత్వం ఉన్నది. ఆయన నవలలోని కథావస్తువు కూడా ఒక సంస్థానం క్షీణించడమే కావడం ఆ బంధుత్వాన్ని మరింత దగ్గర చేస్తున్నది.

విశ్వనాథ సత్యనారాయణగారు 1895 సెప్టెంబరు 10వ తేదీన కృష్ణా జిల్లా నందమూరు గ్రామంలో శోభనాద్రి, పార్వతమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి మహాదాత. గ్రామంలో విశ్వేశ్వరునికి ఆలయం నిర్మించారు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చారు. ఆ దాతృత్వం వల్ల కుటుంబానికి కీర్తి మిగిలింది, ఆస్తి మిగలలేదు. కలిగిన ఇంట పుట్టి లేమిలో పెరిగిన ఆ బాలునికి, వెనుకటి కాలమంతా వెలుగుగాను, ఎదుటి కాలమంతా చీకటిగాను తోచడం ఆశ్చర్యకరం కాదు. ఆయన తత్త్వానికి శాస్త్రగ్రంథాలెంత కారణమో, ఈ ఇంటి చరిత్ర కూడా అంత కారణమని మేము భావిస్తున్నాము.

జాతీయోద్యమం ఉప్పొంగిన కాలంలో ఆయన యువకులు. 1910లో స్థాపితమైన మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. అటుపిమ్మట గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, విజయవాడ కళాశాలలోను తెలుగు బోధించారు. సనాతన ధర్మాన్ని గట్టిగా సమర్థించిన వ్యక్తికి ఒక క్రైస్తవ కళాశాల కొలువిచ్చింది. ఆయన అక్కడ బోధించారు. మన వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో చదివేవారు గుర్తుంచుకోదగిన విషయమిది. 1959లో తెలంగాణలోని కరీంనగర్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు.

ఉద్యోగం స్థిరంగా లేదు. ప్రథమ భార్య వరలక్ష్మమ్మగారి మరణం ఆయనను కుంగదీసింది. ఆ దుఃఖం 'వరలక్ష్మీ త్రిశతి'గా పద్యరూపం ధరించింది. ఇటువంటి కష్టకాలంలోనే, 1934లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ ప్రకటించింది. విశ్వనాథవారు ఆశువుగా చెప్పుకుపోతుండగా ఆయన తమ్ముడు వ్రాసుకుపోయారట. ఇరవై తొమ్మిది దినాలలో దాదాపు వేయి పుటల గ్రంథం పూర్తి అయిందని సాహిత్యలోకంలో ప్రసిద్ధి. అదే 'వేయిపడగలు'. ఆ బహుమతిని ఈ నవలకు, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'కు కలిపి పంచి ఇచ్చారు.

కథాస్థలం సుబ్బన్నపేట. అక్కడ కోట ఉన్నది. వేణుగోపాలస్వామి గుడి ఉన్నది. పుట్టలో వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరుడున్నాడు. ఆ స్వామి వేయి పడగల నీడలో ఊరి ధర్మం, కళలు, వృత్తులు, పంటలు అన్నీ వర్ధిల్లుతుంటాయి. కాలం మారిన కొద్దీ పడగలు ఒక్కొక్కటే తరిగిపోతాయి. పాతకాలపు ప్రభువు కృష్ణమనాయుడు గతిస్తాడు. ఆయన కుమారుడు రంగారావు పాశ్చాత్య వ్యామోహంలో పడతాడు. రంగారావు కుమారుడు హరప్ప తిరిగి పాతదారి వైపు చూస్తాడు. వీరందరినీ కలిపే సూత్రం ధర్మారావు. బీదవాడు, పండితుడు, అభిమాని అయిన ఆ పాత్రలో రచయిత జీవితం చాలావరకు కనిపిస్తుంది. ధర్మారావు భార్య అరుంధతి మరణఘట్టం చదివిన వారి కన్నులు చెమ్మగిల్లక మానవు.

ఈ నవలను మేము ఎందుకు ఇష్టపడతామో ముందుగా చెప్పాలి. స్వామికే అంకితమై ఆ ఆరాధనలోనే జీవితం చాలించే గిరిక, మనిషో ప్రకృతో తెలియని పసిరిక, పూనకంలో ఊరి మేలుకీళ్లు పలికే గణాచారి వంటి పాత్రలు మరొక తెలుగు నవలలో దొరకవు. ఒక ఊరు చనిపోవడాన్ని ఇంత సమగ్రంగా చిత్రించిన రచన అరుదు. పొలం, గుడి, బడి, వైద్యం, సంగీతం, నాట్యం, వంట, వివాహం అన్నిటి గురించీ అందులో చర్చ ఉన్నది. చేతివృత్తి నశిస్తే దానితోపాటు ఒక జ్ఞానం కూడా నశిస్తుందని ఆ నవల మనకు నేర్పుతుంది. గద్వాల చీరలు నేసే మగ్గాల చప్పుడు ఎరిగిన పాఠకునికి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది.

ఇక అంగీకరించలేని సంగతులు. మొదటిది, వర్ణవ్యవస్థ. ఎవరి స్థానంలో వారుంటే సమాజం చల్లగా ఉంటుందని నవల ప్రతిపాదిస్తుంది. కాని ఆ వేయి పడగల నీడ అందరి మీద సమానంగా పడిందా? కోటకు దూరంగా, ఊరి వెలుపల బ్రతికినవారి నోట ఆ కథ చెప్పిస్తే అది మరొక విధంగా ఉండేది. అట్టి కథ అప్పటికే వ్రాయబడి ఉన్నది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' 1922లో వెలువడి ప్రభుత్వ నిషేధానికి గురి అయింది. ఈ రెండు నవలలనూ ప్రక్కప్రక్కన ఉంచి చదివినవానికే ఆనాటి తెలుగుపల్లె పూర్తిగా కనిపిస్తుంది.

రెండవది, గిరిక పాత్ర. కళాదృష్టితో చూస్తే ఆమె అపూర్వసృష్టి. కాని దేవాలయానికి ఆడపిల్లను అంకితం చేసే ఆచారం లోకంలో ఏ రూపం ధరించిందో మన పాలమూరు ప్రాంతానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. జోగినీ దురాచారం ఇక్కడి నిరుపేద దళిత కుటుంబాల బాలికల జీవితాలను బలిగొన్నది. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1988లోను దీనిని నిషేధించే శాసనాలు వచ్చాయి. గిరిక కోసం కన్నీరు కార్చవచ్చు. ఆమె పేరు చెప్పి ఆ ఆచారాన్ని మాత్రం సమర్థించరాదు.

మూడవది, యంత్రం మీద ద్వేషం. పల్లెకు విద్యుత్తు, యంత్రాలు రావడాన్ని నవల ప్రకృతికి ద్రోహంగా చూపుతుంది. పర్యావరణం గురించి ఆలోచించే నేటి పాఠకునికి అందులో కొంత సత్యం గోచరిస్తుంది. అయితే నీరు లేక ఊళ్లు విడిచి, దేశమంతటా ఆనకట్టల పనులకు తరలివెళ్లిన పాలమూరు కూలీల బిడ్డలము మనము. కృష్ణ మీద జూరాల జలాశయం ఏర్పడి కాలువకు నీరు వస్తే కలిగే సంతోషాన్ని ఏ తత్త్వం కోసమూ వదులుకోలేము.

ఇన్ని విభేదాలున్నా విశ్వనాథవారిని గౌరవించడం సాధ్యమా అని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. సాధ్యమేనని నిరూపించినవారు మనకు పూర్వమే ఉన్నారు. అభ్యుదయ కవిత్వానికి నాయకుడైన శ్రీశ్రీ మార్గం విశ్వనాథవారి మార్గానికి పూర్తిగా ఎదురు. అయినప్పటికీ శ్రీశ్రీ ఆయనను తెలుగుజాతి సంపదగా కీర్తిస్తూ కవిత వ్రాశారు. సిద్ధాంతంలో అణువంతైనా వెనుకకు తగ్గలేదు. ప్రశంసలోను లోభం చూపలేదు.

పి.వి. నరసింహారావుగారి ఉదాహరణ మరింత విశేషమైనది. తెలంగాణలో పుట్టి, ఉర్దూ, పారసీ, మరాఠీ మొదలైన అనేక భాషలు నేర్చిన ఆయన 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' అనే పేరుతో హిందీలోకి అనువదించారు. అది 1968లో వెలువడింది. 1971లో ఆయనే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియై భూపరిమితి సంస్కరణలకు పూనుకున్నారు. జమీందారీ వైభవం అస్తమించినందుకు శోకించే నవలను శ్రద్ధగా అనువదించిన చేయి, పెద్ద కమతాలను తగ్గించే ప్రయత్నానికి కూడా సిద్ధపడింది. ఈ రెంటి నడుమ మాకు వైరుధ్యం కనిపించదు. సాహిత్యానికి ఇవ్వవలసినది సాహిత్యానికి, ప్రజలకు ఇవ్వవలసినది ప్రజలకు ఇచ్చిన వివేకమే కనిపిస్తుంది.

ఉర్దూ చదివే మిత్రులకు ఈ సమస్య కొత్తది కాదు. డిప్టీ నజీర్ అహ్మద్ కొంతకాలం హైదరాబాదు సంస్థానంలో కొలువు చేసినవారే. ఆయన 1888లో ప్రకటించిన 'ఇబ్నుల్‌వఖ్త్' నవలలో, 1857 అల్లకల్లోలంలో ఒక ఆంగ్లేయుని కాపాడిన కథానాయకుడు ఆంగ్లేయుల వేషభాషలు అవలంబించి తనవారికీ పరాయివారికీ కాకుండా పోతాడు. రంగారావును చూసినప్పుడు మాకు అతడు జ్ఞాపకం వస్తాడు. నజీర్ అహ్మద్ హితబోధతో ఏకీభవించనివారు కూడా ఆ నవలలోని వ్యంగ్యానికి నవ్వక మానరు. రెండు భాషలలో, రెండు మతాల వాతావరణంలో, అర్ధశతాబ్దం ఎడంగా ఇద్దరు రచయితలు ఒకే భయాన్ని వ్యక్తం చేశారు. ఆ భయం పరాయి పాలన పెట్టిన గాయం నుండి పుట్టినది. దానిని అర్థం చేసుకోవాలి, దానికి లొంగిపోనక్కరలేదు.

మన మట్టిలోనే మరొక సమాధానం కూడా ఉన్నది. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు విశ్వనాథవారికంటె ఒక్క సంవత్సరం చిన్నవారు. ఆయన 1926లో 'గోలకొండ పత్రిక' స్థాపించారు. 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రకటించారు. అది రాజుల చరిత్ర కాదు. ప్రజల ఆహారం, దుస్తులు, ఆటలు, వృత్తులు, నమ్మకాల చరిత్ర. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపించారు. గతాన్ని విశ్వనాథవారి వలెనే ప్రేమించిన సురవరంవారు దానిని ప్రజల వైపు నిలిచి చూశారు. గతాన్ని ప్రేమించేవారంతా ఒకే త్రోవ పట్టనక్కరలేదని ఆయన కృషి చాటుతున్నది.

విశ్వనాథవారి తదుపరి జీవితం కీర్తితో నిండినది. యాభైకి పైగా నవలలు, కావ్యాలు, నాటకాలు, విమర్శ గ్రంథాలు రచించారు. 'విశ్వనాథ మధ్యాక్కరలు' కృతికి 1962లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. దాదాపు మూడు దశాబ్దాలు శ్రమించి రచించిన 'శ్రీమద్రామాయణ కల్పవృక్షము'నకు 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. ఆ గౌరవం తెలుగుభాషకు దక్కడం అదే ప్రథమం. 1976 అక్టోబరు 18వ తేదీన ఆయన గుంటూరులో పరమపదించారు.

ఆయన జీవితం ఆయన సిద్ధాంతంలో పూర్తిగా ఇమడలేదు. పాశ్చాత్య విద్యను నిరసించినవారు పాశ్చాత్య పద్ధతి కళాశాలల్లోనే జీవితమంతా బోధించారు. పాశ్చాత్య నాగరకతను ఎదిరించడానికి, పాశ్చాత్య దేశాల నుండి వచ్చిన నవలా ప్రక్రియనే ఆయుధంగా గ్రహించారు. ఇది నిందగా చెప్పడం లేదు. మనిషి తన వాదంకంటె విశాలుడనడానికి ఇది నిదర్శనం. ఆ వైశాల్యమే నవలలో ప్రవేశించి, విభేదించేవానికి కూడా అందులో చోటు కల్పించింది.

కాబట్టి విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఒక్కటే. నచ్చని పుస్తకాన్ని చదవక ముందే త్రోసివేయవద్దు. నచ్చిన పుస్తకానికి దాసులు కావద్దు. గ్రంథాన్ని తుదిదాకా చదివి, ఎక్కడ మనసు కరిగిందో, ఎక్కడ బుద్ధి ఎదురు తిరిగిందో రెండూ నిజాయితీగా వ్రాసుకోండి. కళాశాల పాలకమండలి పెద్దలకు కూడా ఒక మనవి. మన గ్రంథాలయంలో 'వేయిపడగలు' ప్రక్కన 'మాలపల్లి', వాటి ప్రక్కన 'ఇబ్నుల్‌వఖ్త్', 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఉండాలి. పరస్పరం వాదించుకునే పుస్తకాలు ఒకే బీరువాలో ప్రశాంతంగా నిలిచి ఉంటాయి. వాటిని చదివిన మనుషులు కూడా ఒకే ఊరిలో ఆ విధంగా నిలిచి ఉండడం నేర్చుకోగలరని మా విశ్వాసం.