లోపించిన అక్షరం: జార్జ్ పెరెక్ జీవితం

యుద్ధం ముగిసిన తరువాత విజేతల చరిత్రలు వెలువడతాయి, పరాజితుల చరిత్రలూ వెలువడతాయి. ఆ యుద్ధంలో ప్రాణం దక్కించుకొని, కన్నవారిని మాత్రం కోల్పోయిన పసివాని చరిత్రను చాలాకాలం ఎవ్వరూ అడగరు. ఆ పసివాడే పెరిగి పెద్దవాడై తనకు జ్ఞాపకం లేని బాల్యాన్ని తానే వెదకుకోవలసి వస్తుంది. ఇరవయ్యవ శతాబ్దపు ఫ్రెంచి సాహిత్యంలో విశిష్ట స్థానం పొందిన జార్జ్ పెరెక్ జీవితం అటువంటిది.

పెరెక్ 1936 మార్చి 7వ తేదీన ప్యారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు పోలండు దేశం నుండి వలస వచ్చిన యూదులు. శ్రామికులు, పరదేశీయులు అధికంగా నివసించే బెల్‌విల్ పేటలోని విలాన్ వీధిలో వారి కాపురం. తల్లి సిర్లా ఆ వీధిలోనే స్త్రీలకు కేశాలంకరణ చేసే చిన్న దుకాణం నడిపేది. రెండవ ప్రపంచయుద్ధం ప్రారంభం కాగానే తండ్రి, ఫ్రెంచి పౌరుడు కాకపోయినప్పటికీ, ఫ్రెంచి సైన్యంలో స్వచ్ఛందంగా చేరాడు. 1940 జూన్ 16న యుద్ధంలో తగిలిన గాయాలతో మరణించాడు. ఆ తరువాత వారం తిరగకముందే ఫ్రాన్సు జర్మనీతో యుద్ధవిరమణ ఒప్పందంపై సంతకం చేసింది. నాలుగేళ్ల బాలునికి తండ్రి లేకుండా పోయాడు.

ఆక్రమిత ప్యారిస్‌లో యూదుల బ్రతుకు నానాటికీ దుర్భరమైంది. 1940 అక్టోబరులో వెలువడిన శాసనం వారిని అనేక ఉద్యోగాల నుండి వెలివేసింది. తరువాత వ్యాపారాలు కూడా చేజారిపోయాయి. సిర్లా దుకాణం మూసివేసి, గడియారాలు తయారుచేసే కర్మాగారంలో కూలికి చేరింది. కుమారుని ప్రాణమైనా దక్కించుకోవాలనే తలంపుతో, అయిదారేళ్ల ఆ బాలుణ్ణి గార్ ద లియోన్ రైల్వేస్టేషనుకు తీసుకొనిపోయి, రెడ్‌క్రాస్ వారు పిల్లలను తరలించే రైలు ఎక్కించింది. చార్లీ చాప్లిన్ బొమ్మ ఉన్న ఒక చిన్న పుస్తకాన్ని అప్పుడు కొనియిచ్చినట్లు అతనికి జ్ఞాపకం. తల్లిని చూడడం అదే కడసారి.

రైలు అతణ్ణి ఫ్రాన్సు ఆగ్నేయభాగంలోని గ్రెనోబుల్ నగరానికి చేర్చింది. ఆ సమీపంలోని వెర్కోర్ పర్వత ప్రాంతంలో విలార్-ద-లాన్స్ అనే గ్రామం ఉన్నది. మేనత్త కుటుంబం అక్కడే తలదాచుకొంటున్నది. అయినా బాలుడు ఎక్కువకాలం పరాయివారి నడుమ, వసతి పాఠశాలల్లోనే గడిపాడు. క్యాథలిక్ విద్యాలయంలో చేర్చి, 1943 వేసవిలో అతనికి బాప్తిస్మం ఇప్పించారు. ఆ ప్రాంతాన్ని మొదట ఇటలీ సైన్యం, 1943 సెప్టెంబరు తరువాత జర్మను సైన్యం ఆక్రమించాయి. అట్టి కాలంలో ఆ బాలునికి అతని పేరే ఒక రక్షణ అయింది. పోలండు వ్రాతపద్ధతిలో దానిని పెరెట్స్ అని పలకాలి. ఫ్రెంచివారు ఆ అక్షరాలనే పెరెక్ అని చదివారు. అట్లా చదివితే అది బ్రిటనీ ప్రాంతపు ఫ్రెంచి ఇంటిపేరువలె ధ్వనిస్తుంది. ఆ విధంగా, తాను ఎవరో ఎవరికీ తెలియకపోవడమే అతడు జీవించి ఉండడానికి ఆధారమయింది. తన పుట్టుకను దాచడం నేర్చుకొంటున్న పిల్లవాడు దానిని మరచిపోవడం కూడా నేర్చుకొంటాడు.

తల్లి మాత్రం ప్యారిస్‌లోనే చిక్కుకొన్నది. సరిహద్దు దాటి ఆక్రమణకు లోబడని భాగానికి వెళ్లాలని ఒకసారి ప్రయత్నించి విఫలురాలై తిరిగి వచ్చింది. దేశం కోసం ప్రాణమిచ్చిన సైనికుని భార్యను గనుక తనకు కీడు జరగదని ఆమె నమ్మింది. 1942 జులైలో రెండు రోజులలో ప్యారిస్ పరిసరాలలో సుమారు 13,000 మంది యూదులను ఫ్రెంచి పోలీసులే నిర్బంధించారు. వారిలో 4,000కు పైగా పిల్లలు. 1943 జనవరిలో సిర్లా వంతు వచ్చింది. ద్రాన్సీ నిర్బంధ శిబిరం నుండి ఫిబ్రవరి 11న ఆమెను ఆష్విట్జ్‌కు పంపించారు. ఆ తరువాత ఆమె జాడ లేదు.

1945లో బాలుడు ప్యారిస్‌కు తిరిగివచ్చాడు. మేనత్త, ఆమె భర్త అతణ్ణి పెంచుకొన్నారు. ప్రభుత్వం 1958లో ఒక ఉత్తర్వు ద్వారా సిర్లా 1943 ఫిబ్రవరి 11న ద్రాన్సీలో మరణించినట్లు నిర్ణయించింది. మరుసటి సంవత్సరం వెలువడిన మరొక ఉత్తర్వు, ఆమెకు ఫ్రెంచి పౌరసత్వం ఉండి ఉంటే దేశం కోసం మరణించినవారిలో ఒకరుగా పరిగణింపబడి ఉండేదని తెలిపింది. భర్త ఆ దేశం కోసమే ప్రాణమిచ్చాడు. భార్యకు మరణానంతరం కూడా ఆ గౌరవం దక్కలేదు.

పెరెక్ 1961 నుండి సుమారు పదిహేడేళ్లు ఒక వైద్య పరిశోధనశాలలో శాస్త్రవ్యాసాలను వర్గీకరించి భద్రపరిచే చిరుద్యోగం చేశారు. 1965లో ప్రచురించిన ‘వస్తువులు’ అనే నవలకు రెనోదో బహుమతి లభించింది. 1969లో ఆయన ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచే మరొక నవల వెలువరించారు. దాని పేరు ‘అదృశ్యం’. సుమారు మూడు వందల పుటల ఆ గ్రంథంలో, ఫ్రెంచి భాషలో అత్యధికంగా వాడబడే, రోమన్ లిపిలోని అయిదవ అక్షరం ఒక్కసారి కూడా కనిపించదు.

ఇటువంటి నియమం మనకు కొత్తది కాదు. పెదవులు కలియని అక్షరాలతోనే రచించిన నిరోష్ఠ్య కావ్యాలు తెలుగులో ఉన్నాయి. నుక్తా లేని అక్షరాలతోనే ఇన్షా ఉర్దూలో ఒక కథ రచించాడు. అయితే పెరెక్ చేసినది కేవలం పాండిత్య ప్రదర్శన కాదు. ఆ ఒక్క అక్షరం లేకపోతే ఫ్రెంచిలో తల్లి అనే మాట వ్రాయలేము, తండ్రి అనే మాట వ్రాయలేము, నేను అనే మాట కూడా వ్రాయలేము. జార్జ్ పెరెక్ అనే పేరే వ్రాయలేము. బాల్యంలో ఆయన ఏవేవి పోగొట్టుకొన్నారో అవన్నీ ఆ నవలలో లోపించాయి. అయినా అందులో కథ నడుస్తుంది, మనుషులు మాట్లాడుకొంటారు. తమలో ఏదో తక్కువైందని వారికి తెలుసు, అది ఏమిటో చెప్పడానికి మాత్రం మాట లేదు.

1975లో ‘డబ్ల్యూ లేక బాల్యస్మృతి’ వెలువడింది. దానిని ఆయన ఆ లోపించిన అక్షరానికే అంకితం చేశారు. ఫ్రెంచిలో ఆ అక్షరపు ఉచ్చారణ, వారు అనే అర్థమిచ్చే మాటవలె వినిపిస్తుంది. గ్రంథంలో ఒక అధ్యాయం కల్పన, మరొక అధ్యాయం జ్ఞాపకం. క్రీడలే ధర్మంగా పెట్టుకొన్న ఒక ద్వీపం క్రమంగా నిర్బంధ శిబిరంగా బయటపడుతుంది. జ్ఞాపకాల అధ్యాయాలలో ఆయన తన స్మృతులనే సాక్షులను ప్రశ్నించినట్లు ప్రశ్నించారు. స్టేషనులో తన చేతికి కట్టు ఉన్నట్లు ఆయనకు గుర్తు. మేనత్త అది నిజం కాదన్నది. ఆ రెంటినీ దాచకుండా ప్రకటించారు. కన్నీటిని కోరే ఒక్క మాట కూడా అందులో లేదు.

1978లో ‘జీవితం: వాడుక విధానం’ అనే బృహన్నవలకు మెదిసీ బహుమతి లభించింది. 1982 మార్చి 3న, నలభై ఆరేళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు, ఊపిరితిత్తుల క్యాన్సరుతో పెరెక్ కన్నుమూశారు.

యుద్ధకాలంలో ఫ్రాన్సు నుండి 11,000కు పైగా యూదు పిల్లలను మరణశిబిరాలకు పంపించారు. పెరెక్ వారిలో ఒకడు కాకపోవడానికి ఒక తల్లి తెగువ, ఒక రైలుప్రయాణం, తన పేరును ఇతరులు తప్పుగా చదవడం కారణాలయ్యాయి. విద్యార్థులారా, పసివాడు తన పేరు దాచుకొంటే తప్ప బ్రతకలేని పరిస్థితి ఎన్నడూ రాకూడదు. వస్తే, అతని ప్రాణాన్ని కాపాడినంత మాత్రాన మన కర్తవ్యం తీరదు. అతడు దాచుకొన్న పేరును మరల పైకి చెప్పుకొనే రోజు కూడా రావాలి. పెరెక్‌కు ఆ రోజు ముప్పై ఏళ్ల తరువాత, గ్రంథరూపంలో వచ్చింది. సమాధి లేని తల్లి పేరు ఆ పుటలలో నిలిచి ఉన్నది.