మూడు నేలల్లో కాసిన చెట్టు: ఇసిద్రో లాంగరా

ఫుట్‌బాల్ అనగానే మనలో చాలామందికి పేలే, మారడోనా పేర్లు నోటికొస్తాయి. స్పెయిన్ అంటే బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ క్లబ్బులు గుర్తుకొస్తాయి. ఇసిద్రో లాంగరా పేరు చెబితే మాత్రం ఆట పిచ్చి ఉన్న మిత్రులు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. స్పెయిన్, అర్జెంటీనా, మెక్సికో, ఈ మూడు దేశాల లీగుల్లోనూ అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడుగా నిలిచిన మనిషి ఆయన. ఆ మూడు దేశాల్లో పాతతరం అభిమానులు ఆయన్ని మరిచిపోలేదు. మరి మనదాకా ఆ పేరు ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నే నాచేత ఈ వ్యాసం రాయించింది.

లాంగరా 1912లో స్పెయిన్ ఉత్తరాన, బాస్క్ ప్రాంతంలోని పసాహెస్ అనే రేవు ఊళ్ళో పుట్టాడు. బాస్కులది స్పెయిన్‌లోనే వేరే భాష, వేరే సంప్రదాయం. దగ్గర్లోని తొలోసా జట్టులో ఆడుతుండగా 1930లో ఒవియేదో క్లబ్బు ఆయన్ని తీసుకుంది. ఒవియేదో బొగ్గుగనుల సీమ అస్తూరియాస్‌కి ముఖ్యపట్టణం. అప్పటికి ఆ క్లబ్బు ఉన్నది రెండో డివిజన్‌లో. 1933లో అది మొదటి డివిజన్‌కి ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ఈ కుర్రాడు దేశాన్ని తనవైపు తిప్పుకున్నాడు. 1933–34 సీజన్‌లో 27 గోల్స్, మరుసటి ఏడు 26, ఆ పై ఏడు మళ్ళీ 27. వరుసగా మూడేళ్ళు లీగు మొత్తానికి ఆయనదే పైచెయ్యి. కసూకో, గయార్త్, లాంగరా, హెర్రెరీతా, ఎమిలీన్‌లతో కూడిన ఆ ముందువరసకి జనం పెట్టుకున్న పేరు ‘కరెంటు ఫార్వర్డ్ లైను’. ఆ పేరులోనే వాళ్ళ వేగం తెలుస్తోంది గదా!

దేశం తరఫున ఆడినప్పుడూ అంతే. 1932 ఏప్రిల్‌లో ఒవియేదోలో కొత్తగా కట్టిన బ్యునావిస్తా మైదానాన్ని యుగోస్లావియాతో మ్యాచి పెట్టి ప్రారంభించారు. సొంత జనం ముందు దేశం చొక్కా తొడుక్కున్న మొదటి రోజే ఆయన గోలు కొట్టాడు. 1934 మార్చిలో ప్రపంచకప్పు అర్హత కోసం జరిగిన పోటీలో స్పెయిన్ పోర్చుగల్‌ని 9–0తో ఓడిస్తే అందులో ఐదు ఆయనవే. ఆ ఏడు ఇటలీలో జరిగిన ప్రపంచకప్పులో బ్రెజిల్‌ని 3–1తో ఇంటికి పంపినప్పుడు రెండు గోల్స్ ఆయన కొట్టాడు. అప్పటికి వయసు 22. తరవాత ఇటలీతో మ్యాచి 1–1తో సమానమై, మర్నాడే మళ్ళీ ఆడాల్సి వచ్చింది. ఆ రెండో మ్యాచిలో గోల్‌కీపర్ జమోరా లేడు, లాంగరా లేడు. స్పెయిన్ ఒక్క గోలు తేడాతో ఓడింది. 1935లో కొలోన్ నగరంలో జర్మనీ మీద స్పెయిన్ 2–1తో గెలిచింది. ఆ రెండూ లాంగరావే. లెక్క వేస్తే దేశానికి 12 మ్యాచులు, 17 గోల్స్.

ఆ లెక్క అక్కడే ఆగిపోయింది. 24 ఏళ్ళ వయసులో ఆగిపోయింది. కారణం దెబ్బ తగలడం కాదు, ఆట తగ్గడమూ కాదు.

1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. సైన్యాధికారులు రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. లీగు ఆగిపోయింది. బాస్క్ ప్రభుత్వానికి అప్పుడు అధ్యక్షుడు అగిర్రే. ఆయన కూడా ఒకప్పుడు బిల్బావో అథ్లెటిక్ క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడినవాడే. తమ జనం గోడు లోకానికి తెలియజెయ్యడానికి, శరణార్థులకి డబ్బు కూడబెట్టడానికి మేటి బాస్క్ ఆటగాళ్ళతో ‘యుస్కాది’ అనే జట్టుని విదేశాలకి పంపించారు. అందులో లాంగరా ఉన్నాడు. 1937 ఏప్రిల్ 26న పారిస్‌లో రేసింగ్ జట్టు మీద వాళ్ళ మొదటి మ్యాచి, 3–0తో గెలిచారు. సరిగ్గా అదే రోజు జర్మన్, ఇటాలియన్ విమానాలు వాళ్ళ సీమలోని గెర్నికా పట్టణం మీద బాంబులు కురిపించి దాన్ని బూడిద చేశాయి. తరవాత జట్టు చెకొస్లొవేకియా, పోలండ్ మీదుగా సోవియట్ యూనియన్ చేరింది. చేరిన కొద్ది రోజులకే, జూన్ 19న, బిల్బావో నగరం శత్రువుల చేతికి చిక్కింది. ఆడి గెలుస్తున్నారు గాని, ఎవరి కోసం ఆడుతున్నారో ఆ ప్రభుత్వమే సొంత గడ్డ మీద లేకుండా పోయింది.

ఆ స్థితిలో ఎవరికి తోచిన దారి వారు పట్టారు. గొరొస్తీసా లాంటి గొప్ప వింగర్ వెనక్కి వెళ్ళి ఫ్రాంకో పక్షాన చేరాడు. తక్కినవాళ్ళు ఓడెక్కి మెక్సికో వెళ్ళారు. ఈలోగా ఫ్రాంకో వైపు ఫుట్‌బాల్ సంఘాన్ని ఫీఫా గుర్తించి, బాస్క్ జట్టుతో ఎవరూ ఆడకూడదంది. అర్జెంటీనా దాకా వెళ్ళి కూడా ఆడలేకపోయారు. చివరికి 1938–39లో మెక్సికో ఛాంపియన్‌షిప్‌లో ఒక క్లబ్బుగా చేరి రెండో స్థానం తెచ్చుకుని, ఆ తరవాత చెదిరిపోయారు.

లాంగరాని బ్యూనస్ ఎయిర్స్‌లోని శాన్ లోరెంజో క్లబ్బు పిలిచింది. 1939 మే 21న, ఓడ ప్రయాణం బడలిక తీరకముందే, ఆయన్ని రివర్ ప్లేట్ మీద దింపారు. మొదటి సగంలోనే నాలుగు గోల్స్! మ్యాచి 4–2. ఆ మరుసటి ఏడు 33 గోల్స్‌తో అర్జెంటీనా లీగు మొదటి స్థానాన్ని బెనీతెస్ కాసెరెస్‌తో కలిసి పంచుకున్నాడు. ఆ క్లబ్బుకి 121 మ్యాచుల్లో 110 గోల్స్ ఇచ్చి 1943లో మెక్సికోలోని రియల్ క్లబ్ ఎస్పాన్యాకి మారాడు. అక్కడ 1943–44లో 27, 1945–46లో 40. మధ్యలో 1944–45లో జట్టు ఛాంపియన్.

నేను సైన్సు విద్యార్థిని. ఒక ఫలితాన్ని నమ్మాలంటే పరిస్థితులు మార్చి మార్చి చూడాలని మాకు ల్యాబులో నేర్పుతారు. లాంగరా విషయంలో దేశం మారింది, మైదానం మారింది, బంతి అందించేవాళ్ళు మారారు, అడ్డుకునేవాళ్ళు మారారు. మారనిది ఆ మనిషి ఒక్కడే. ఫలితం మూడుచోట్లా ఒక్కటే వచ్చింది. ఇంతకన్నా రుజువేం కావాలి?

మాది వ్యవసాయ కుటుంబం. నారు పీకి వేరే మడిలో నాటితేనే వరి బాగా పిలకేస్తుంది. కాని కాపుకొచ్చిన మామిడిచెట్టుని పెళ్ళగించి ఇంకోచోట పాతమంటే మా నాన్న నవ్వుతాడు, అది బతకదని. 24 ఏళ్ళ లాంగరా నారు కాదు, నిండుగా కాస్తున్న చెట్టు. దాన్ని యుద్ధం వేళ్ళతో పెకలించింది. అయినా రెండు పరాయి నేలల్లో విరగకాసింది. అందుకే ఆయన గోల్స్ కంటే ఈ సంగతే నాకు ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది.

అలాగని నష్టం లేదనలేం. యుద్ధం ముగిశాక స్పెయిన్ జట్టు 1941లో మళ్ళీ ఆడడం మొదలుపెట్టింది, లాంగరా లేకుండానే. ఒవియేదో మైదానం యుద్ధంలో పాడైపోయి ఆ క్లబ్బు 1939–40 లీగు ఆడనేలేదు. మన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. పేరు నిలబెట్టే ప్రపంచకప్పులు 1942లోనూ 1946లోనూ జరగలేదు. ఆయన మంచి వయసు పదేళ్ళు స్పెయిన్ లెక్కల్లోకి రాలేదు. రికార్డు పుస్తకం ఎన్ని గోల్స్ అని చెబుతుందే గాని, కొట్టే వీలు లేకుండా పోయినవి ఎన్నో చెప్పదు.

1946లో, 34వ ఏట, ఆయన తిరిగి ఒవియేదోకే వచ్చాడు. మొదటి డివిజన్‌లో మళ్ళీ గోల్స్ కొట్టాడు. 1948లో ఆట మానాడు. తరవాత కోచ్‌గా చిలీలోని యూనియన్ ఎస్పాన్యోలాని 1951లో ఛాంపియన్‌ని చేశాడు. చివరికి సొంత బాస్క్ గడ్డకి చేరి, 1992 ఆగస్టు 21న, 80వ ఏట, అందోయిన్‌లో కన్నుమూశాడు.

మిత్రులారా, డిగ్రీ చేతికొచ్చాక మనలో సగంమంది ఊరు వదిలిపోయేవాళ్ళమే. కొందరు హైదరాబాదుకి, కొందరు సముద్రాలు దాటి. మనం ఇష్టపడి వెళ్తాం, పండక్కి తిరిగొస్తాం. తిరిగొచ్చే దారి పదేళ్ళు మూసుకుపోయిన మనిషి కూడా, దిగిన ప్రతి నేల మీదా తనకి తెలిసిన పని లోటు లేకుండా చేశాడు. దారి తెరుచుకున్న రోజున తనని మొదట నమ్మిన క్లబ్బుకే వచ్చి ఆడాడు. ఈ రెండో సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. ఆయన్ని తలుచుకున్నప్పుడు ఇది కూడా కలిపి తలుచుకోవాలని నా మనవి.