బూర్గుల వారి పారశీక వ్యాసంగము

హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా బూర్గుల రామకృష్ణారావుగారి పేరు పాఠశాల విద్యార్థులకు పరిచితమే. ఆయన వకీలనియు, ఆంధ్ర మహాసభ నాయకులనియు ఉపాధ్యాయులు చెప్పుచునే యుందురు. కాని పాలమూరు సీమలో పుట్టిన ఒక తెలుగు బ్రాహ్మణ బాలుడు షీరాజు నగరపు కవుల భాషను ఎట్లు తనదిగా చేసికొనెను, చేసికొనియు తన భాషను ఎట్లు కోల్పోకుండెను అను ముచ్చట పాఠ్యపుస్తకములలో కానరాదు. పదవుల కథకన్న ఈ కథయే విద్యార్థులకు ఎక్కువ పనికివచ్చునది.

నాటి మహబూబునగరం జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామమున 1899 మార్చి 13వ తేదీన రామకృష్ణారావుగారు జన్మించిరి. తండ్రి నరసింగరావుగారు, తల్లి రంగనాయకమ్మగారు. వారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామమగు బూర్గుల పేరే లోకవ్యవహారమున ఇంటిపేరై నిలిచినది. జిల్లా పేరును గూడ ఒక్కమారు గమనింపవలెను. పాలమూరు అను తెలుగు పేరు ప్రజల నోట నుండగా, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేరిట మహబూబునగరమను పేరు కాగితముల మీదికి వచ్చినది. ఇంట ఒక మాట, కచ్చేరిలో వేరొక మాట. ఆ సీమలో పుట్టిన ప్రతి బిడ్డయు ఈ రెంటి నడుమనే పెరిగెను.

నిజాము రాజ్యమున తరతరములుగా పారశీకమే రాజభాష. 1880వ దశకమున ఆ స్థానము ఉర్దూకు సంక్రమించినను పారశీకపు గౌరవము తగ్గలేదు. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాలో ఫ్రెంచి భాషకు గల ప్రతిష్ఠ ఇట్టిదే. ప్రష్యా రాజగు ఫ్రెడరిక్ జర్మనుల నేలుచు గ్రంథములను ఫ్రెంచిలో వ్రాసెను. రష్యా ప్రభువర్గము ఇండ్లలో ఫ్రెంచి మాటలాడెడిది. హైదరాబాదులోను అంతియే. సమయమునకు హాఫిజు పాదమొకటి స్ఫురింపనివాడు సభలో విద్వాంసుడనిపించుకొనుట కష్టము. ఇట్టి భాషను ఉద్యోగము కొరకు నేర్చినవారు వేలకొలది. దాని సాహిత్యము కొరకు నేర్చి, ఆ సాహిత్యమును తెలుగువారికి తెచ్చి యిచ్చినవారు కొలదిమంది.

రామకృష్ణారావుగారు హైదరాబాదులో ధర్మవంతు, ఎక్సెల్సియరు పాఠశాలలలో చదివి, పూనా ఫెర్గుసన్ కళాశాలలో పట్టభద్రులై, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారశీకము, ఆంగ్లము, మరాఠి, కన్నడము – ఇన్ని భాషలు ఆయనకు స్వాధీనములు.

ఆ దినములలో పారశీకపు చదువు ఎట్లు సాగెడిదో నేటి విద్యార్థులకు తెలియదు. మొట్టమొదట ఆమద్‌నామా అను క్రియారూపముల పుస్తకము. ఆమదన్ అనగా వచ్చుట. దాని భూతకాల రూపములు ఆరు: ఆమద్, ఆమదంద్, ఆమదీ, ఆమదీద్, ఆమదమ్, ఆమదీమ్. సంస్కృతము చదువు బాలుడు శబ్దమంజరి వల్లించినట్లే మక్తబులో బాలుడు వీనిని ఊగుచు వల్లించును. పిదప సాదీ మహాకవి కృతులగు గులిస్తాను, బూస్తాను. అనగా వ్యాకరణము ఊపిరి తీసికొనక మునుపే సాహిత్యము చేతికి వచ్చును. పద్ధతి కఠినమే, అయినను వాక్యము చెవిలో పడనిదే సూత్రము నిలువదను సత్యము నాటి మౌల్వీలకు తెలియును.

తెలుగు బాలునికి పారశీకమున కొన్ని సౌకర్యములు కలవు. మన్ కితాబ్ రా ఖాందమ్ అను వాక్యమును నేను పుస్తకమును చదివితిని అని పదమునకు పదముగా తెలుగు చేయవచ్చును. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. మన ద్వితీయా విభక్తి ప్రత్యయమగు ను వలెనే రా అనునది కర్మమునకు వెనుక చేరును. క్రియ చివరనే నేను అను అర్థము దాగియుండును. ఆంగ్లేయుడు వాక్యమునంతను తలక్రిందులు చేసికొని నేర్వవలసిన చోట తెలుగువాడు తిన్నగా నడచిపోవును. సంస్కృతము వచ్చినవానికి మరియొక సౌకర్యము. పిదర్, మాదర్, బిరాదర్ అనగానే పితృ, మాతృ, భ్రాతృ శబ్దములు తోచును. అస్ప్ అనగా అశ్వము. అస్త్ అనగా అస్తి. ఈ చుట్టరికము రామకృష్ణారావుగారి వంటి ఉభయభాషాభిజ్ఞులకు ఎంత ఉత్సాహకరమో ఊహింపవచ్చును.

చిక్కు వేరొకచోట ఉన్నది. తెలుగున విశేషణము ముందు, విశేష్యము వెనుక. పారశీకమున సామాన్యముగా విశేష్యమే ముందు. నడుమ ఎ అను చిన్న ధ్వని రెంటిని కలుపును. దీనికి ఇజాఫతు అని పేరు. నిజాము మంత్రిమండలి అధ్యక్షుని బిరుదమగు సదర్-ఎ-ఆజం ఇట్టిదే: సదర్ అనగా అధ్యక్షుడు, ఆజం అనగా మహత్తరుడు. షష్ఠీ సంబంధమునకును ఈ ధ్వనియే: కితాబ్-ఎ-ఉస్తాద్ అనగా గురువుగారి పుస్తకము. విశేషమేమనగా, ఈ ధ్వని సాధారణముగా లిపిలో కనబడదు. రెండు పదములు ప్రక్కప్రక్కన నుండును; వాని సంబంధమును చదువరి తన వ్యాకరణజ్ఞానముతో పూరింపవలెను. చదువుట వచ్చినవాడే అర్థము తెలిసికొనునని కాక, అర్థము తెలిసినవాడే చదువగలడని చెప్పవలసి వచ్చును.

ఇంతకన్న లోతైనది జాతీయముల సంగతి. ఖుర్దన్ అనగా తినుట. కాని పారశీకుడు ఒట్టును తినును, మోసమును తినును, దుఃఖమును తినును. ఉర్దూ ఈ పలుకుబడులలో కొన్నిటిని అనువదించుకొని కసమ్ ఖానా, ధోకా ఖానా అని వాడుకొన్నది. తెలుగువాడు చీవాట్లు తినును, దెబ్బలు తినును. ఒట్టు మాత్రము పెట్టుకొనును, దుఃఖమును దిగమ్రింగును. ఆశ వదలుకొనుటకు పారశీకుడు చేతులు కడుగుకొనును. మనము నీళ్లు వదలుకొందుము. నీరు రెండుచోట్లను ఉన్నది, కాని వారిది చేతులు శుభ్రపరచుకొనుట, మనది దానధారాదులకు సంబంధించిన ఆచారము. నిఘంటువు దగ్గర పెట్టుకొని అనువదించువాడు ప్రాణముతో చేతులు కడుగుకొనెను అని వ్రాసి నవ్వులపాలగును. ఎదుటి భాషలోని జాతీయమునకు తన భాషలోని జాతీయమును వెదకి తెచ్చువాడే అనువాదకుడు. అందుకు పరభాషకన్న స్వభాషయే ఎక్కువ రావలెను.

ఆ స్వభాషకు నాటి హైదరాబాదున గౌరవమెంతయో 1921 నవంబరులో తేలిపోయినది. కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండగా ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేచిరి. ఉర్దూ, మరాఠి, ఆంగ్లములకు లేని అడ్డు తెలుగునకు వచ్చినది. సభలోని మరాఠి వారు కొందరు గేలిచేసి ఆయన మాట సాగనీయలేదు. రాజ్యమున అత్యధిక సంఖ్యాకుల భాషకు ఆ గతి! ఆ అవమానము నుండి నవంబరు 12వ తేదీన ఆంధ్ర జనసంఘము పుట్టినది. ఆ సంఘమే ఆంధ్ర మహాసభగా పెరిగి 1930లో జోగిపేటలో సమావేశమైనది. తొలి అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డిగారు, ఆయనయు పాలమూరువారే. మరుసటి యేడు, 1931లో, నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు రామకృష్ణారావుగారు అధ్యక్షత వహించిరి.

ఇక్కడ ఒక విషయము ఆలోచింపదగినది. సభలకు సర్కారు అనుమతి కావలెనను ఉత్తరువు గస్తీ నిశాన్ 53 అను పేరుతో వెలసినది. గస్తీ, నిశాన్ – రెండును పారశీక పదములే. తెలుగువారి నోరు నొక్కిన ఉత్తరువు ఏ భాషాసంప్రదాయమున వ్రాయబడెనో, ఆ భాషపైననే తెలుగువారికి ద్వేషము కలుగుట సహజము. కొందరికి కలిగినది కూడ. రామకృష్ణారావుగారు మరాఠిని విడువలేదు, పారశీకమును విడువలేదు. సర్కారు వేరు, సాదీ వేరు అని ఆయన యెరుగును. కోర్టులో ఉర్దూలో వాదించి, మహాసభలో తెలుగువారి హక్కులకై నిలచి, రాత్రివేళ హాఫిజును చదువుకొనుటలో విరోధము లేదు. ఇది తేలికగా అబ్బు సమత్వము కాదు. రాజకీయములలో మునిగినవారికి మరియు అరుదు.

ఆ చదువు ఫలమే పారశీక వాఙ్మయ చరిత్ర అను గ్రంథము. ఆ వాఙ్మయమును తెలుగున చెప్పబూనినవారికి ఒక విచిత్రమగు అడ్డు తగులును. పారశీకమున ప్రథమపురుష సర్వనామము ఊ అను ఒక్కటియే. అతడును అదే, ఆమెయు అదే. క్రియలోను లింగభేదము లేదు. అందువలన గజలులోని ప్రేమపాత్రము పురుషుడా, స్త్రీయా, పరమేశ్వరుడా అను సందేహము తీరదు. సూఫీ కవులకు ఆ సందేహమే సంపద. తెలుగున అతడో ఆమెయో అనక తప్పదు, అన్నంతనే ఆ పరదా తొలగిపోవును. వచ్చెను, పోయెను అను మన గ్రాంథిక క్రియలు లింగమును దాచును గాని సర్వనామము దాచదు. వారు అను గౌరవవాచకము ఒక్కొకచోట ఆదుకొనును. విరహగీతమున అదియు చల్లబడిపోవును. ఈ చిక్కునకు సూత్రము లేదు; పద్యము పద్యమునకు తెగువతో తీర్పు చెప్పుకొనవలసినదే.

సంస్కృతము నుండి ఆయన తెలుగునకు తెచ్చినవానిలో సౌందర్యలహరి, కనకధారాస్తవము కలవు. జగన్నాథ పండితరాయల కృతులనుగూడ ఆయన అనువదించిరి. షాజహాను కొలువున పండితరాజ బిరుదమును పొందిన తెలుగువాడు జగన్నాథుడు. పారశీకము మారుమ్రోగు సభలో కూర్చుండి సంస్కృతమున కవిత్వము చెప్పిన ఆ మహాకవిపై పాలమూరు పండితునకు మక్కువ కలుగుటలో ఆశ్చర్యమేమి? వ్యాసములు సారస్వత వ్యాస ముక్తావళి పేర సంపుటమైనవి.

తక్కిన జీవితము చరిత్ర పుస్తకములలో నున్నదే. స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాసము అనుభవించిరి. 1950లో రెవెన్యూ మంత్రి. ఆ యేటి కౌలుదారీ చట్టమునకు ఆయన పూనిక ముఖ్యము. 1952 మార్చిలో షాద్‌నగరు ప్రతినిధిగా ముఖ్యమంత్రి. ఆ యేడే ముల్కీ ఆందోళనము, కాల్పులు. ఆయన పాలనపై పడిన మచ్చ అదియే. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైదరాబాదు రాష్ట్రముతోపాటు ఆ పదవియు ముగిసినది. కేరళకు, పిదప ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేసిరి. 1959లో కేరళ మంత్రివర్గము బర్తరఫైనది ఆయన నివేదిక మీదనే. ఆ వివాదము నేటికిని చల్లారలేదు.

ఆయన వకీలుగా నున్నప్పుడు వంగర గ్రామపు యువకుడొకడు జూనియరుగా చేరెను. పాములపర్తి వెంకట నరసింహారావు అని పేరు. పెక్కు దేశభాషలతోపాటు ఫ్రెంచి, స్పానిషు భాషలనుగూడ నేర్చి, 1991లో భారతదేశ ప్రధాని అయినది ఆ యువకుడే.

1967 సెప్టెంబరులో రామకృష్ణారావుగారు స్వర్గస్థులైరి. అప్పటికే తెలంగాణ పాఠశాలలలో ఆమద్‌నామా వల్లించు తెలుగు పిల్లలు అరుదైపోయిరి.